ఛాతీలో చేరిన నీరు, 40 ఏళ్ల కిందటి దుమ్ము

గత సంచికలో ఒక జవాబు మధ్యలో సిమెంటు రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్ దుమ్ము ప్రమాదమని ఒక్క వాక్యం రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. మిగతా ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరం పెద్దది, దాని జవాబు ఇంకా పెద్దది. దయచేసి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖ. నాన్నగారికి 71 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు ఓడల్లో బాయిలర్లకీ, ఆవిరి పైపులకీ ల్యాగింగ్ (వేడి పోకుండా పైన చుట్టు చుట్టే పని) చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర 12 ఏళ్లు పనిచేశారు. 1987లో అది మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నారు. బీడీ, సిగరెట్టు ఏనాడూ ముట్టలేదు. ఏడాది కిందట ఆయాసం మొదలైతే కుడివైపు నెమ్ము చేరిందని లీటరున్నర నీరు తీశారు. టీబీ అన్నారు. నాలుగు నెలలు మందులు వాడాక కూడా మళ్లీ నీరు చేరింది. వేరే ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపితే మెసోథెలియోమా అని వచ్చింది. ఆ పేరే మేం ఎప్పుడూ వినలేదు. ఎప్పుడో మానేసిన పనికి ఇప్పుడు జబ్బు రావడం ఏమిటి? మొదటి డాక్టరు తప్పు చేశారా? నాన్న పని బట్టలు అమ్మే ఉతికేది, ఆమెకి కూడా పరీక్షలు చేయించాలా? (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, మీరు ల్యాగింగ్ పని సంగతి ఉత్తరం మొదట్లోనే రాశారు. ఆ మాట మొదట చూసిన డాక్టరుకి ఎవరైనా చెప్పారా? ఆయన అడిగారా? నా అనుభవంలో చాలాసార్లు రెండూ జరగవు. ఓపీలో వంద మంది బయట కూర్చుని ఉంటారు, "ఏం చేస్తుంటారు?" అని అడిగితే "కిరాణా కొట్టండీ" అంటారు, చీటీలో అదే రాసుకుంటాం, 40 ఏళ్ల కిందట ఆ మనిషి తెల్లటి దుమ్ములో నిలబడి పైపులకి తాడు చుట్టాడన్న సంగతి ఆ గదిలోకి రానే రాదు. ఈ జబ్బు విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఆ ఒక్క ప్రశ్నే అని నా నమ్మకం.

జబ్బు ఏమిటో ముందు చెబుతాను. ఊపిరితిత్తుల మీదా, పక్కటెముకల లోపలివైపూ పల్చటి పొర ఉంటుంది, ప్లూరా అంటారు. ఆ రెండు పొరల మధ్య కాస్త తడి ఉంటుంది కాబట్టే ఊపిరి పీల్చినప్పుడల్లా అవి ఒరుసుకోకుండా జారతాయి. ఆ పొరలో పుట్టే క్యాన్సరే మెసోథెలియోమా. అంటే ఇది ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదు, దాని చుట్టూ ఉన్న పొరది. పొట్టలో పేగుల్ని కప్పి ఉంచే పొరకీ రావచ్చు, చాలా అరుదుగా గుండె చుట్టూ ఉన్న పొరకీ వస్తుంది. పొర పాడైతే ముందు చేరేది నీరు, అందుకే ఆయాసం.

ఇక కారణం. అది ఆస్బెస్టాస్. దానికి మన భాషలో రాతినార అని పేరుంది, చక్కగా సరిపోయే పేరు. అది రాయే, కానీ గోగునారలా పోగులు పోగులుగా చీలుతుంది. నిప్పుకి కాలదు, వేడిని బయటికి పోనివ్వదు, చవక. అందుకే ఓడల్లో, పవర్ హౌసుల్లో, రైలు ఇంజన్లలో, ఎక్కడ ఆవిరి ఉంటే అక్కడ దాన్ని చుట్టారు. కోస్తే, చింపితే, దులిపితే కంటికి ఆననంత సన్నటి పోగులు గాల్లోకి లేస్తాయి. ఊపిరితో లోపలికి పోయిన వాటిలో కొన్ని ప్లూరా దాకా చేరతాయి. బయటి నుంచి వచ్చినవాటిని మింగి శుభ్రం చేసే కణాలు మన ఒంట్లో ఉన్నాయి కానీ ఈ పొడవాటి పోగుని అవి పూర్తిగా మింగలేవు, కరిగించలేవు. అక్కడ సన్నగా వాపు రగులుతూనే ఉంటుంది, చుట్టుపక్కల కణాల జన్యువులు కొద్దికొద్దిగా దెబ్బతింటూ ఉంటాయి, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. దుమ్ము పీల్చిన నాటి నుంచి జబ్బు బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది, ఎక్కువ మందిలో 30, 40 ఏళ్లు. నాన్నగారి లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. ఆయన పని మానేశారు, ఆ పోగులు ఆయన్ని వదల్లేదు.

పొగ తాగరన్నారు. మెసోథెలియోమాకీ పొగకీ సంబంధం లేదు. అయితే ఇది చదివే ఇతరులకి ఒక మాట: ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్లు పొగ కూడా తాగితే మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లవుతుంది. అలాంటి పని చేసినవాళ్లు ఇవాళే బీడీ పారేయండి.

మొదటి డాక్టరు తప్పు చేశారా అని అడిగారు. మన దేశంలో ఒకవైపు నీరు చేరితే ముందు టీబీ గుర్తుకు రావడం సహజం, చాలామందిలో అది నిజంగా టీబీయే. టీబీని పట్టడానికి ఆ నీటి మీద చేసే ఏడీఏ అనే పరీక్ష కూడా కొన్నిసార్లు ఈ క్యాన్సర్‌లో ఎక్కువగా వచ్చి తప్పుదారి పట్టిస్తుంది. నిజానికి ఈ జబ్బుకీ ఆస్బెస్టాస్‌కీ ఉన్న సంబంధం బయటపడింది కూడా ఇలాంటి పొరపాటు నుంచే. దక్షిణాఫ్రికాలో కింబర్లీ ఊళ్లో టీబీ ఆసుపత్రి చూసే స్లెగ్స్ అనే డాక్టరు ఒక సంగతి గమనించారు. ఛాతీలో నీరు చేరి వచ్చే రోగుల్లో తక్కిన ప్రాంతాలవాళ్లు టీబీ మందులకి కోలుకుంటున్నారు, పడమటి వైపు నుంచి వచ్చేవాళ్లు మాత్రం కోలుకోవడం లేదు. పడమట ఏముంది? నీలి ఆస్బెస్టాస్ గనులున్నాయి. ఆయన, పాథాలజిస్టు వాగ్నర్, సర్జన్ మర్చండ్ కలిసి 1960లో 33 మెసోథెలియోమా కేసులతో వ్యాసం ప్రచురించారు. ఒక్కరు తప్ప అందరికీ ఆ ఖనిజంతో ఏదో ఒక సంబంధం ఉంది. అందరూ గనిలోకి దిగినవాళ్లు కారు, చిన్నతనంలో ఆ ఊళ్లలో పెరిగినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ వ్యాసం వచ్చి 60 ఏళ్లు దాటినా మనం అదే మలుపు దగ్గర తడబడుతున్నామంటే నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి మొదటి నెలలో టీబీ అనుకోవడాన్ని నేను తప్పుపట్టను. మందులు వాడుతున్నా నీరు మళ్లీ చేరినప్పుడు ఆగి ఆలోచించాల్సింది. నీటిని పరీక్షిస్తే ఈ క్యాన్సర్ చాలాసార్లు దొరకదు. ఛాతీలోకి చిన్న గొట్టం పంపి పొరని కంటితో చూసి ముక్క తీయాలి, దాన్ని థొరకోస్కోపీ అంటారు. ఆ ముక్క మీద ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేస్తేనే ఖాయమవుతుంది. మీ రెండో ఆసుపత్రి ఆ పని చేసింది. రిపోర్టులో ఎపిథీలియాయిడ్, సార్కొమటాయిడ్, బైఫేజిక్ అనే మూడు మాటల్లో ఏది ఉందో చూడండి. మొదటి రకం మిగతావాటికంటే కాస్త నయం, చికిత్స కూడా దాన్ని బట్టి మారుతుంది.

చికిత్స గురించి దాచకుండా చెబుతాను. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కలిపి మూడు వారాలకోసారి ఇచ్చే కీమో 2004 నుంచి వాడుకలో ఉంది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బీ12 ఇంజెక్షన్ తప్పకుండా తోడుండాలి, లేకపోతే కీమో తట్టుకోలేరు. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ మందులు (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి) కలిపి ఇచ్చిన పెద్ద పరిశోధనలో రోగులు సగటున 18 నెలలు, కీమో తీసుకున్నవాళ్లు 14 నెలలు బతికారు. ఆ మందుల ఖర్చు మామూలు కుటుంబం మోయలేనిది, వాటికోసం ఇల్లు అమ్మే ముందు డాక్టరుతో స్పష్టంగా మాట్లాడండి. హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే, మీకు దగ్గర్లో అగనంపూడి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి, అక్కడ రెండో అభిప్రాయం తీసుకోండి. నీరు మాటిమాటికీ చేరుతుంటే ప్రతిసారీ సూదితో తీయించక్కర్లేదు. రెండు పొరలూ అతుక్కునేలా మందు వేయడమో, ఇంట్లోనే నీరు తీసుకునేలా సన్నటి గొట్టం అమర్చడమో చేయవచ్చు. ఆయాసానికీ నొప్పికీ మార్ఫిన్ రాస్తే భయపడకండి. నొప్పి తగ్గి ఆయన రాత్రి నిద్రపోవడం కూడా వైద్యమే.

ఇక అమ్మ. మీరు అడిగినందుకు సంతోషించాను, ఎందుకంటే ఇళ్లలో ఆడవాళ్ల సంగతి ఎవరూ అడగరు. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మెసోథెలియోమా రోగుల పాత చరిత్రలు తవ్వితే, 9 మంది ఎన్నడూ ఫ్యాక్టరీలో పనిచేయలేదు, ఇంట్లోవాళ్లు చేశారు. వాళ్లలో ఎక్కువగా కనిపించింది భర్త పని బట్టలు దులిపి ఉతికిన భార్యలే. కాబట్టి అమ్మకి ముప్పు లేదని చెప్పలేను. కానీ అది నాన్నగారికి ఉన్నంత కాదు, దుమ్ము తాకినవాళ్లలో ఎక్కువ మందికి ఈ జబ్బు జీవితంలో రాదు. ఏ బాధా లేనివాళ్లకి ఏటా సీటీ తీసినందువల్ల ఈ జబ్బులో ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించి దాచుకోండి. ఆయాసం, ఒకవైపు ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, పొట్ట ఉబ్బడం ఏది వచ్చినా ఆలస్యం చేయొద్దు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా "మా ఆయన ఆస్బెస్టాస్ పని చేశారు, ఆ బట్టలు నేను ఉతికాను" అని చెప్పమనండి.

మీరు అడగని సంగతి ఒకటి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథెలియోమా మన చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, నష్టపరిహారం అడిగే హక్కు ఉంది. ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునీ పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకూ ఉంచాలని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పు చెప్పింది. కాంట్రాక్టు కూలీగా చేసినవాళ్లకి రుజువులు దొరకడం కష్టం, నాకు తెలుసు. పాత గేటు పాసు, పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ కార్డు, కలిసి పనిచేసినవాళ్ల మాట, ఏది ఉంటే అది ఇప్పుడే పోగుచేయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారిశ్రామిక కార్మికులకీ, ఆడవాళ్లకీ ఉచితంగా లాయర్ని ఇస్తారు. గడువు సమస్య ఉంటుంది, వాయిదా వేయకండి.

ప్రశ్న: మాది పులివెందుల దగ్గర పల్లె. చిన్నప్పుడు, 16, 17 ఏళ్ల వయసులో, రాతినార గనుల్లో రాయి కొట్టి నార ఏరే పనికి మూడేళ్లు పోయాను. ఇప్పుడు 63. ఏ బాధా లేదు గానీ మీరు రాసింది చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మాది తెల్లనార, అది అంత చెడ్డది కాదంటారు, నిజమేనా?

జవాబు: అన్నా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ ప్రాంతంలో దొరికేది క్రైసోటైల్, తెల్ల రకం. నీలి, గోధుమరంగు రకాల పోగులు సూదుల్లా నిటారుగా ఉండి ఒంట్లో ఎక్కువ కాలం నిలుస్తాయి, మెసోథెలియోమా విషయంలో అవే ఎక్కువ ప్రమాదం. తెల్లదాని పోగు మెలికలు తిరిగి ఉంటుంది, కొంత త్వరగా విరిగిపోతుంది. అంతవరకూ మీరు విన్నది నిజం. అక్కడి నుంచి "తెల్లది ఏమీ చేయదు" అనే దాకా కొందరు లాక్కుపోతారు, అది మాత్రం అబద్ధం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాస్‌నీ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవిగానే తేల్చింది.

ఆరోగ్యానికి హాని అన్న కారణంతోనే మన దేశంలో ఆస్బెస్టాస్ గనులకి కొత్త లీజులు ఇవ్వడం, పాతవి పొడిగించడం ఆపేశారు. అదే తెల్లనారని రష్యా లాంటి దేశాల నుంచి ఓడల్లో తెప్పించుకుని రేకులు చేస్తున్నాం, ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మనమే. పక్కనున్న నేపాల్ 2015లో నిషేధించింది. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో ఆపేశాయి. తవ్వితే హాని చేసే పదార్థం కోస్తే హాని చేయదా? ఈ ప్రశ్నకి ప్రభుత్వం నుంచి నేను జవాబు కోరుతున్నాను.

మీ సంగతికి వస్తే, ఒక ఎక్స్‌రే తీయించండి. ప్లూరల్ ప్లాక్స్ అని రావచ్చు, పొర మీద గట్టిపడిన మచ్చలవి, దుమ్ము తాకిందనడానికి గుర్తులే తప్ప క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారవు. ఆస్బెస్టోసిస్ అనేది వేరే జబ్బు, ఊపిరితిత్తి గట్టిపడి ఆయాసం పెరుగుతుంది, అది సాధారణంగా ఏళ్ల తరబడి ఎక్కువ దుమ్ము పీల్చినవాళ్లకి వస్తుంది. మీతో పనికి వచ్చిన ఈడువాళ్లు ఊళ్లో ఇంకా ఉంటే ఈ సంగతి వాళ్లకీ చెప్పండి.

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. రేకుల ఇంట్లోనే ఇరవై ఏళ్లుగా ఉంటున్నం. కోతులు దూకి రెండు రేకులు పగిలినయ్. పిల్లలకు ఏమన్న అయితదా సార్? ఇల్లు ఖాళీ చెయ్యాల్నా?

జవాబు: ఖాళీ చేయక్కర్లేదమ్మా. సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ దాదాపు పదో వంతు లోపే ఉంటుంది, అది సిమెంటులో బిగిసిపోయి ఉంటుంది. పగలకుండా, కోయకుండా ఉన్న రేకు కింద పడుకున్నందుకు భయపడొద్దు. పగిలిన అంచులూ, పాతబడి పైన పొడిపొడిగా రాలుతున్న రేకులూ, అన్నిటికంటే ఎక్కువగా రంపం పెట్టి కోయడం, డ్రిల్లుతో బొక్క పెట్టడం, ఇవీ ప్రమాదం.

పగిలినవి మార్చేటప్పుడు పిల్లల్నీ, గర్భిణుల్నీ పక్కింటికి పంపండి. రేకుని నీళ్లతో బాగా తడపండి, తడిగా ఉంటే దుమ్ము లేవదు. సుత్తితో కొట్టి కిందికి తోయొద్దు, బోల్టులు విప్పి నిండు రేకుగానే దించాలి. ముక్కల్ని మందపాటి ప్లాస్టిక్ కవరులో చుట్టి కట్టండి. కింద రాలిన పొడిని చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కూడా అదే కవరులో వేయండి. ముఖానికి టవల్ చుట్టుకుంటే ఈ పోగులు ఆగవు, అతి సన్నటి దుమ్ముని కూడా ఆపే పీ100 ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి. పగిలిన ముక్కల్ని దంచి వాకిట్లో గుంతలు పూడ్చడం నేను చాలా ఊళ్లలో చూశాను, అది మాత్రం అసలు చేయొద్దు, రోజూ బండ్లు తొక్కి దాన్ని పొడి చేస్తాయి, ఆ పొడిలోనే పిల్లలు ఆడతారు. ఎక్కడ పారేయాలో పంచాయతీని గానీ మున్సిపాలిటీని గానీ అడగండి. పైన నాచు పట్టిందని ఇనప బ్రష్షుతో గీకి రంగు వేయించుకోవద్దు. కొత్తగా వేయించుకునేటప్పుడు ఆస్బెస్టాస్ లేని రేకులు అడగండి, కలర్ కోటింగ్ ఇనప రేకులు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతున్నాయి.

ప్రశ్న: రేకుల మీద నుంచి పడ్డ వాన నీళ్లు పట్టుకుని వాడుకుంటాం. తాగొచ్చా?

జవాబు: మింగిన ఆస్బెస్టాస్ హాని చేస్తుందనడానికి నిలకడైన రుజువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ పోగులు హాని చేసేది ఊపిరితో లోపలికి పోయినప్పుడు. పక్షి రెట్టలు, నాచు, ధూళి కోసం ఎలాగూ వడకట్టి కాచుకోవాలి కాబట్టి తాగడానికి వేరే నీళ్లుంటే అవే తాగండి.

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడ ఆటోనగర్‌లో బ్రేకుల పని నేర్చుకుంటున్నాడు. డ్రమ్ము విప్పగానే ఎయిర్ కొడతారు, దుమ్మంతా ముఖం మీదికే. అందులో కూడా ఆస్బెస్టాస్ ఉంటుందంటున్నారు.

జవాబు: పాత రకం బ్రేకు లైనర్లలో ఉండేది, చవక రకాల్లో ఇప్పటికీ ఉండవచ్చు. మెకానిక్‌ల మీద జరిగిన పరిశోధనల్లో మెసోథెలియోమా పెరిగినట్టు గట్టిగా తేలలేదు, అందుకని పని మానిపించమని చెప్పను. కానీ ఎయిర్ కొట్టడం మానిపించండి. డ్రమ్ముని సబ్బు నీళ్లతో తడిపి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. లైనరు డబ్బా మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉన్నవే వాడమని మేస్త్రీకి మీరే వెళ్లి చెప్పండి, పిల్లవాడు చెబితే వినకపోవచ్చు. పని బట్టలు షెడ్డులోనే మార్చుకుని రావాలి. ఇంటికి తెచ్చినా దులపకుండా నేరుగా నీళ్లలో నానబెట్టండి.

ప్రశ్న: సిడ్నీలో పాత ఇల్లు కొన్నాం, 1972లో కట్టింది. బాత్‌రూమ్ గోడలు మేమే పగలగొట్టి కొత్తవి కట్టుకుందామని మా ఆయన అంటున్నారు. యూట్యూబ్ చూస్తే తేలిగ్గానే ఉంది.

జవాబు: ఆపండమ్మా, ఒక్క దెబ్బ కూడా వేయొద్దు. ఆస్ట్రేలియాలో 1990కి ముందు కట్టిన ఇళ్లలో, ముఖ్యంగా బాత్‌రూమ్, వంటగది గోడల్లో, ఈవ్స్‌లో (చూరు అడుగున), పాత ఫ్లోరింగ్ కింద ఆస్బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. లైసెన్సు ఉన్నవాళ్లని పిలిచి నమూనా ల్యాబ్‌కి పంపించండి. ఉందని తేలితే తీసే పనీ వాళ్లకే అప్పగించండి, ఆ రోజు పిల్లలతో సహా మీరంతా ఇంకెక్కడైనా ఉండండి. మీ ఆయన ఈపాటికే ఎక్కడైనా డ్రిల్లు పెట్టి ఉంటే ఒకటి రెండు బొక్కలకి బెంగ పెట్టుకోకండి, ఆ గది తలుపు మూసి, వాక్యూమ్ పెట్టకుండా, వాళ్లు వచ్చేదాకా అలాగే ఉంచండి.